బటన్ మీద బొమ్మా, మాటా?

(నాన్న కిరాణా కొట్టుకి అక్కా తమ్ముడూ పైథాన్ భాషలో, విండోలూ బటన్లూ తయారుచేసే టీకింటర్ లైబ్రరీతో బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నారు. సరుకుల బటన్ల మీద బొమ్మలు పెట్టాలా వద్దా అన్నది తగువు.)

తమ్ముడు: కౌంటర్లో నిలబడేది మనం కాదక్కా, పనికుర్రాడు. వాడికి చదువు అంతంత మాత్రం. బొమ్మ ఉంటే ఠక్కున నొక్కేస్తాడు.

అక్క: కందిపప్పు, శనగపప్పు అంత చిన్న బొమ్మలో రెండూ పసుపు చుక్కలేరా. పైగా నిన్న నీ బటన్ ఖాళీగా వచ్చింది. ఎర్రర్ కూడా చూపించలేదు.

తమ్ముడు: ఆ తప్పు నాది. బొమ్మని పట్టుకునే ఆబ్జెక్టు, అదే ఫోటోఇమేజ్‌ని, ఫంక్షన్ లోపల తయారుచేశాను. ఫంక్షన్ అయిపోగానే ఆ వేరియబుల్ పోయింది. బటన్ దగ్గర ఉండేది బొమ్మ పేరే. ఇంకెవరూ పట్టుకుని లేరని పైథాన్ ఆ ఆబ్జెక్టుని తీసేసింది. అది పోతూ పోతూ టీకే దగ్గర, అంటే టీకింటర్ వెనకుండి తెర మీద అన్నీ గీసే ప్రోగ్రాం దగ్గర, ఉన్న బొమ్మనీ చెరిపేసింది. రాత్రి బటనే ఆ ఆబ్జెక్టుని పట్టుకుని ఉండేలా ‘బటన్.ఇమేజ్ = బొమ్మ’ అని ఒక్క లైను చేర్చాను, వచ్చేసింది.

అక్క: రేపు ఎవరో కోడ్ సర్దుతూ “ఈ లైను ఎక్కడా వాడట్లేదే” అని తీసేస్తే? మళ్లీ ఖాళీయే. అక్షరాలకి ఆ టెన్షన్ లేదు.

తమ్ముడు: బొమ్మలన్నీ క్లాసులో ఒక డిక్షనరీలో దాస్తాను. విండో ఉన్నంతసేపూ ఉంటాయి.

అక్క: ఫోన్ ఫోటోలు జేపెగ్ కదా. టీకే 8.6 నేరుగా పీఎన్‌జీ, జిఫ్ చదువుతుంది గానీ జేపెగ్ చదవదు.

తమ్ముడు: ఇంట్లోనే పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో 64 పిక్సెల్స్‌కి కుదించి పీఎన్‌జీగా సేవ్ చేసి తీసుకెళ్తాను. కొట్టు కంప్యూటర్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

అక్క: బటన్‌కి విడ్త్ 12 అని పెట్టావు, చూసుకున్నావా? అక్షరాలుంటే అది 12 అక్షరాల వెడల్పు. బొమ్మ పెట్టగానే 12 పిక్సెల్స్. బటన్ సన్నగా చీలికలా అయిపోతుంది.

తమ్ముడు: అయ్యో, అది చూడలేదు. తీసేస్తాను.

అక్క: ఇంకొకటి. టెక్స్ట్, ఇమేజ్ రెండూ ఇస్తే టీకే బొమ్మ మాత్రమే చూపిస్తుంది. సాయంత్రం కౌంటర్లో కూర్చునేది నాన్న. ఆయనకి పేరు కనిపించాలి.

తమ్ముడు: బొమ్మనీ పేరునీ కలిపి చూపించే కాంపౌండ్ ఆప్షన్‌కి ‘టాప్’ ఇస్తే పైన బొమ్మ, కింద పేరు. సరేనా?

అక్క: సరే, కానీ పప్పుల ఫోటోలు వద్దు. కొట్లో కందిపప్పు డబ్బాకి ఎర్ర మూత, శనగపప్పుకి పచ్చ మూత. కుర్రాడు రోజూ చేత్తో తీసేది ఆ మూతలే. వాటిని ఫోటో తీసుకురా.