నిప్పుకీ లాఠీయే

మన విశాఖ ఎంత పద్ధతైన ఊరో తెలియాలంటే పోలీసులూ ఫైరింజన్లూ మన దగ్గరికి ఏ వరసలో వచ్చాయో చూడాలి. ముందు పన్ను, ఆ తర్వాత లాఠీ, ఇంకా ఓపిక మిగిలితే అప్పుడు నీళ్లు.

కంపెనీ రోజుల్లో శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా. అంత పొదుపైన పాలన మళ్లీ చూడలేదు. శిస్తు కట్టనివాడూ దొంగే, దొంగతనం చేసినవాడూ దొంగే, ఇద్దరికీ ఒకటే బెత్తం. ఆ బెత్తం మరీ మోగిపోయి 1855లో చిత్రహింసల మీద మద్రాసులో ఒక కమిషన్ రిపోర్టు రాయాల్సి వచ్చింది, చివరికి 1859లో చట్టం చేసి పోలీసుల్ని రెవెన్యూ నుంచి విడదీశారు. జనానికి పెద్ద ఊరటే, ఇకమీదట రెండు ఆఫీసుల్లో విడివిడిగా తినొచ్చు కదా తన్నులు.

కొత్త పోలీసుల రికార్డులు మాత్రం పక్కాగా ఉండేవి. 1922 ఆగస్టు 22న మన ఏజెన్సీలోని చింతపల్లి స్టేషన్ నుంచి తుపాకులు పట్టుకెళ్లిన అల్లూరి సీతారామరాజు, ఏమేం తీసుకున్నదీ అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. తర్వాత మిరపకాయ టపా పంపి, వస్తున్నానని ముందే చెప్పడం కూడా మొదలుపెట్టాడు. ఎవరి కాళ్లా పట్టుకోకుండా ఒక కేసు వివరాలు స్టేషన్ రికార్డుకెక్కడమంటే ఇదీ!

ఇక నిప్పు సంగతి. మద్రాసు నగరానికి 1908లోనే ఫైర్ బ్రిగేడ్ వచ్చింది. మన తాటాకిళ్లు కాలవని దొరలు నమ్మినట్టున్నారు. మా మామ్మ చెప్పేది, ఎండాకాలం సాయంత్రం సముద్రపు గాలి లేవకముందే వంట ముగించి, పొయ్యిలో నిప్పు మీద నీళ్లు చల్లి, గుమ్మం పక్కన నిండు కుండ పెట్టాకే అన్నం తినేవారట. ఎక్కడైనా అంటుకుంటే మగవాళ్లు పక్కింటి కప్పు మీదికెక్కి తాటాకు లాగేసేవాళ్లు, ఆడవాళ్లు నూతి నుంచి వరసగా నిలబడి చేదలు అందించేవాళ్లు. మా ఊరి ఫైర్ సర్వీసు అదే, జీతం భత్యం లేవు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బరు మీద బాంబులేశాయి. సర్కారు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ ఫైర్ సర్వీసు విస్తరించిందీ ఆ యుద్ధపు ఏడాదే. ఇల్లు కాలేటప్పుడు నుయ్యి తవ్వడమంటే మరీ అన్యాయం, వీళ్లు ఇంకా పైకెళ్లి ఆ ఫైర్ సర్వీసుని పోలీసు శాఖ చేతికే ఇచ్చి, నూతికి లాఠీని కాపలా పెట్టారు. నిప్పు కూడా శాంతిభద్రతల సమస్యే మరి.

మొన్న మా వీధి మలుపులో చెత్తకుప్ప అంటుకుంటే ఫోన్ చేశాను. ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందండీ అన్నారు అవతల. మంట రోడ్డుకి ఇటువైపో అటువైపో చూసి చెబుతానని బయటికెళ్లేసరికి, పక్కింటి పిన్నిగారు రెండో బకెట్ కూడా పోసేసి చేతులు తుడుచుకుంటున్నారు.