టేపు పట్టుకుని వేటకెళ్తే ఇంతే

ఆఫ్రికాలో డాలర్లు కట్టి జింకల్ని వేటాడటం తప్పా ఒప్పా అన్న రచ్చ పాతదే. నా తగవు తుపాకీతో కాదు, కొమ్ములు కొలిచే టేపుతో.

నమీబియాలో ఈలాండ్ అనే భారీ జింక సంగతి చూడండి. పెద్ద పోతు 900 కిలోల దాకా తూగుతుంది. వచ్చిన వేటగాడు ముందు అడిగేది కొమ్ము ఎన్ని అంగుళాలని. కానీ పొడుగు కొమ్ములుండేది వయసులో ఉన్న పోతుకి. ముసలిది ఏళ్ల తరబడి పొదల్ని కుమ్మి కుమ్మి కొనలు అరగదీసుకుని ఉంటుంది. ఇంకా మందను నిలబెట్టాల్సినదాన్ని కాల్చి, పని తీరిపోయినదాన్ని వదిలేస్తున్నారు. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టే. అక్కడి వేటవృత్తి సంఘం వయసును లెక్కలోకి తెచ్చే కొలత పెట్టినా, తల గోడకు తగిలించాలనుకునేవాడి కన్ను అంగుళాల మీదే.

ముసలిదాన్ని గుర్తుపట్టడం బ్రహ్మవిద్యేం కాదు. మెడ నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, గంగడోలు వేలాడుతుంది, నుదుటి మీద ముదురు రంగు కుచ్చు దట్టంగా ఉంటుంది. నడుస్తుంటే ముంగాలి మోకాలి దగ్గర టక్కు టక్కుమంటుంది. గాలి లేని పొద్దున ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

గురి విషయంలోనూ తొందరే కొంప ముంచుతుంది. మూపు ఎత్తుగా ఉండటంతో కొత్తవాళ్లు పైకి కాలుస్తారు. గుండె ఉండేది కింద, ముంగాళ్ల మధ్య. జంతువు పక్కకు తిరిగేదాకా ఆగి, ముంగాలి వెంబడి కింది నుంచి ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర కొట్టాలి. జానెడు వెనక్కి పోతే తూటా పొట్టలో దిగుతుంది, అది దుడుకు నడకతో కిలోమీటర్లు పోతుంది, మాంసం పాడవుతుంది. చట్టం అడిగే 7 మి.మీ. తూటా మందం, 2700 జౌల్స్ శక్తి కనీసం మాత్రమే. ఇంత ఒంటికి .375 అంగుళాల తూటా కాల్చే రైఫిల్ ఉండాలి.

1977లో కెన్యా వేట ఆపేసింది, కెమెరా టూరిజం చాలదా అంటారు. టూరిస్టు జీపు సింహం ఉన్న చోటికి పోతుంది గానీ ముళ్లకంపల బీడుకు రాదు.

ఆ బీడులో బతికేవాళ్లకే నమీబియా 1996లో చట్టం మార్చి హక్కిచ్చింది. ఊళ్లవాళ్లు కన్సర్వెన్సీగా, అంటే వన్యప్రాణుల్ని చూసుకునే ఊరి సంఘంగా ఏర్పడితే వేట ఫీజు వాళ్లది, మాంసం వాళ్లది. మన దగ్గరో? కృష్ణజింకను కాల్చమనడం లేదు, 1972 చట్టం దాన్ని కాపాడటం సబబే. కానీ ఆ కాపలా ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల, జింకలు మేసిపోకుండా జొన్న, వేరుశనగ చేల గట్ల మీద టార్చిలైటు పట్టుకుని తెల్లార్లూ కూర్చునే రైతు నెత్తిన.