మెదడులో జ్ఞాపకాలు రాసిపెట్టే హిప్పోకాంపస్ గారికి, స్కూటర్ వెతుక్కున్నవాడు రాయునది

అయ్యా,

నిన్న మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా ఆర్కే బీచ్‌లో నన్ను ఎండలో తిప్పినందుకు ధన్యవాదాలు. మా తోడల్లుడికి కురుసుర సబ్‌మెరైన్ చూపించి బయటికొస్తే, స్కూటర్ ఎక్కడ పెట్టానో మీరు నోరు విప్పలేదు. ఇటు సబ్‌మెరైన్. రోడ్డు దాటితే విమానం. కాస్త అవతల కాళీమాత గుడి. ఇంతకన్నా పెద్ద గుర్తులు మీకోసం ఎవరు కట్టిస్తారండీ? "అన్నయ్యా, మీరుండేది వైజాగ్‌లోనే కదా?" అన్నాడు తోడల్లుడు.

పోనీ మీరు ఒక్కరా? కుడి చెవి లోపలివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు. చూడ్డానికి సముద్రపు గుర్రంలా ఉన్నారని గ్రీకులో ఆ పేరే పెట్టారు. సముద్రపు గుర్రం సముద్రం ఒడ్డునే దారి తప్పడం ఏం మర్యాద? ఎక్కడున్నామో గుర్తుపట్టే కణాలు మీలోనే ఉన్నాయని కనిపెట్టినాయనకి 2014లో నోబెల్ ఇచ్చారు. లండన్ టాక్సీ డ్రైవర్లకి మీ వెనకభాగం పెద్దదట. నాకు పార్కింగ్‌కి సరిపడా కూడా లేదేం?

చిన్నమెదడుని ఏమీ అనను, ఇన్నేళ్ళుగా బండి పడిపోకుండా చూస్తోంది. నుదుటి వెనకాల పెద్దమనిషి, ఆ ఫ్రాంటల్ లోబ్, బండి స్టాండ్ వేసేటప్పుడు నన్ను ఫోన్ చూడనిచ్చాడు. పట్టించుకోనిది మీదాకా రాదు, సరే.

మరి ఎనిమిదో తరగతిలో లెక్కల మేడమ్‌ని "అమ్మా" అని పిలిచిన సంగతి ఎందుకు భద్రంగా దాచిపెట్టావు? క్లాసంతా నవ్వింది, కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారు, మేడమ్ చేతిలో చాక్‌పీస్ ఏ రంగు, అన్నీ ఉన్నాయి నీ దగ్గర! పక్కనే కూర్చుని భావోద్వేగాలు చూసుకునే అమిగ్డాలా "ఇది సిగ్గు, గట్టిగా రాసుకో" అంటే రాసేసుకోవడమేనా? రాత్రి రెండింటికి తీసి చూపించమని ఎవరడిగారు నిన్ను? ఒంటి బరువులో రెండు శాతమో ఏమో ఉంటారు, తిండిలో ఐదో వంతు మీ మెదడు సంఘానికే పోతోంది. తిన్నందుకైనా ఒక్క స్కూటర్!

చివరికి మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ పిలిచింది. "తాళం బండికే వదిలేసి పోతే ఎలా బాబూ?" అని కొంగున కట్టిన తాళం విప్పి ఇచ్చింది. అదీ చెప్పలేదు నువ్వు.

పొత్తు కాలుతున్న వాసన తగిలిందో లేదో, నాన్న భుజం మీద కూర్చుని ఇదే ఇసుకలో పొత్తు తిన్నది, నిమ్మచెక్క గీకిన చోట పెదవి చురుక్కుమన్నది, ఆయన చొక్కాకి మసి అంటింది, మొత్తం తెచ్చి ముందు పెట్టావు. నేను అడగలేదు. తోడల్లుడు "ఏమైందన్నయ్యా?" అంటే కంట్లో ఇసుక పడిందన్నాను.

సరే, అది జాగ్రత్తగా ఉంచు. తాళం మాత్రం ఇవాళ్టి నుంచి తాడు కట్టి మెళ్ళో వేసుకుంటున్నాను.

ఇట్లు,
నీ యజమానిననుకునే ఒక అమాయకుడు