ఖండాంతర వాలంటీరు

మా మేనల్లుడు వాలంటీరుగా వెళ్తున్నాడన్న కబురు మా శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో పొక్కగానే ముందుగా మా గుమ్మం ఎక్కింది చుట్టాలు కాదు, వీధి చివరి మామ్మ. చేతిలో ఆధార్ కార్డు జిరాక్సు.

"ఏటి మేష్టారూ, మీ మేనల్లుడు వాలంటీరు అయిపోనాడంట గదా! నా పింఛను గొడవ ఒకటుంది. ఆ బాబు సూస్తాడేటి?"

ఆవిడ తప్పేం లేదు. 2019 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రాలో వాలంటీరు అంటే ఒకటే అర్థం. యాభై ఇళ్ళు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, ఒకటో తారీఖున తెల్లారకుండానే పింఛను డబ్బుతో తలుపు చప్పుడు. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది గానీ మాట మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. అందుచేత మామ్మని కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. మావాడికి ఇళ్ళు ఉండవు, వేతనం ఉండదు. టాంజానియా అనే దేశంలో ఒక బళ్ళో ఆరు వారాలు పాఠాలు చెప్పడానికి వాడే ఎదురు రెండున్నర లక్షలు కడుతున్నాడు. మా అక్క చిట్టీ పాడి మరీ ఇచ్చింది.

మామ్మ చాలాసేపు ఆలోచించింది. "పని సేసినోడికి ఆళ్ళు ఇవ్వాల గానీ, మనం కట్టడమేటి బాబూ? మజ్జిలో ఎవుడో మోసం సేసినాడు. ఓపాలి కనుక్కోండి."

మామ్మకి సేవ అంటే ఏమిటో తెలియదు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు. ఉద్దానం పల్లెల్లో ముప్పై నాలుగేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలు నడిపి, పిల్లలతో ఒక్క సెల్ఫీ కూడా దిగకుండా రిటైరైన మనిషిని. కాబట్టి ఈ విషయం మీద నా అభిప్రాయాలకు పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు. అయినా రాస్తాను.

పలాస స్టేషన్‌లో సాగనంపినప్పుడు వాడి పెట్టెలో ఆవకాయ సీసా, రెండు కిలోల జీడిపప్పు ఉన్నాయి. జీడిపప్పు అక్కడి బడి వాళ్ళకి కానుక. ఈ కానుక సంగతి కొంచెం చెప్పుకోవాలి. టాంజానియాలో జీడి విరివిగా పండుతుంది. అక్కడ పిక్క కొట్టి పప్పు తీసే మిల్లులు తక్కువ కాబట్టి చాలా భాగం పిక్కగానే ఓడెక్కి మన దేశానికి వస్తుంది. పలాస మిల్లులకీ ఆఫ్రికా పిక్క దిగుతుంది. దానివల్ల మన పిక్క రేటు పడిపోతోందని ఇక్కడి రైతులు గోలపెడుతూనే ఉంటారు. అంటే వాళ్ళ పిక్కని మనం కొట్టి, వలిచి, గ్రేడు చేసి, మళ్ళీ వాళ్ళకే అభిమానంగా పంపించామన్న మాట. ఇక పెంకు తియ్యవలసింది మావాడికే.

వాడు దిగిన ఊరు మోషి. కిలిమంజారో కొండ కింద ఉంటుంది. ఆ కొండ ఎత్తు 5,895 మీటర్లని వాడు మొదటి ఫోనులోనే చెప్పాడు. బళ్ళో పిల్లలెంతమంది అని అడిగితే మాత్రం రెండో వారం దాకా తెలియలేదు.

మొదటి రోజే చిన్న అపశ్రుతి. బడి ఎన్నింటికని అడిగితే హెడ్మాస్టరు "సా మోజా" అన్నారు. సా అంటే గంట, మోజా అంటే ఒకటి. మావాడు తీరిగ్గా స్నానం చేసి, భోజనం చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళాడు. స్వాహిలీ లెక్కలో పొద్దు పొడిచాక గంటలు మొదలవుతాయి. వాళ్ళ ఒకటంటే మన ఉదయం ఏడు. ప్రపంచంలో ఇలాంటి వింత ఎక్కడైనా ఉందా మావయ్యా అని ఫోనులో ఆశ్చర్యపోయాడు. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టిన తాతలకు పుట్టిన మనవడు! ఇంట్లో గోడకి వేలాడే పంచాంగం ఒక్కసారి విప్పి ఉంటే ఆ పూట బడి ఎగ్గొట్టేవాడు కాదు.

భాష దగ్గర ఇంకా రసవత్తరంగా ఉంది. స్వాహిలీ మాటలన్నీ మన మాటల్లాగే అచ్చుతోనే ముగుస్తాయి. ఆ చుట్టరికం చూసి మావాడు మురిసిపోయాడు. కానీ చుట్టాల దగ్గరే చిక్కొచ్చింది. అక్కడ 'మామ' అంటే అమ్మ. వీడియో కాల్‌లో నన్ను చూపించి "మా మామ" అని పరిచయం చేస్తే, నా మీసాలు చూసి క్లాసంతా ఐదు నిమిషాలు నవ్వింది. 'దాదా' అంటే అక్క. 'గారి' అంటే మోటారు బండి. అన్నిటికంటే దారుణం, 'బాబు' అంటే తాత. సిక్కోలు మనిషి బాబూ అనకుండా నోరు తెరవగలడా? రెండో తరగతి బుడతడిని దగ్గరికి పిలిచి "ఏం బాబూ" అన్నాడట. ఆ బుడతడు గంభీరంగా మొహం పెట్టి, ముసలివాడిలా నడుం వంచి, లేని కర్ర ఊతం పట్టుకుని నడిచి చూపించాడట. ఆరు వారాల్లో జరిగిన మొత్తం విద్యా బోధనలో నాకు బాగా నచ్చిన పాఠం ఇదే. చెప్పింది ఎవరన్నది వేరే సంగతి.

తిండి విషయానికొస్తే, పొద్దున్న ఉజి, మధ్యాహ్నం ఉగాలి. ఉజి అంటే అంబలి. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా గెలికిన సంకటి. ఇక్కడ వాళ్ళమ్మ చోడి (రాగి) అంబలి గ్లాసుతో వెంటపడితే "గొడ్లకి పెట్టు" అన్న కుర్రాడు, అక్కడి అంబలి ఫొటో పెట్టి కింద ఆరోగ్య రహస్యాలు రాశాడు. మా అక్క దానికి లైక్ కొట్టింది. తల్లి కదా.

ఇక బోధన. అక్కడ ప్రాథమిక బడి స్వాహిలీలో, హైస్కూలుకి వెళ్తే ఇంగ్లీషులో. ఆ మధ్యలో పిల్లలు పడే అవస్థ మనకు కొత్త కాదు. మావాడు మెకానికల్ ఇంజినీరు, ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు అప్పగించారు. మొదటి పాఠం: "నీ పేరేమిటి?" పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పారు. వాడు పొంగిపోయాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆరు వారాలకో వాలంటీరు వస్తాడు, వచ్చిన ప్రతివాడూ "నీ పేరేమిటి" దగ్గరే మొదలుపెడతాడు, "నాకు మామిడిపండు ఇష్టం" దాకా వచ్చేసరికి విమానం టైమవుతుంది. ఆ పిల్లలు పేరు చెప్పుకోవడంలో ఆరితేరారు. మామిడిపండు తర్వాత ఇంగ్లీషులో ఏముంటుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మూడో వారం గోడకి రంగు వేశారు. నీలం. ఒక మూల గీరి చూస్తే కింద పసుపు, దాని కింద ఆకుపచ్చ. అవి పాత బ్యాచ్‌ల సేవలు. ఇందులో నేను వేలెత్తి చూపలేను. పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగుల మీద 2020లో హైకోర్టు మెట్లెక్కిన రాష్ట్రం మనది. రంగు వేస్తే పని అయిపోయినట్టే అన్న సిద్ధాంతానికి పేటెంటు ఎవరిదో ముందు తేలాలి.

ఒక పక్క రాత్రిళ్ళు నాకు పిచ్చి ఊహలు వస్తున్నాయి. మోషి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు పలాసలో రైలు దిగి, "మీ మూడో తరగతికి ఆరు వారాలు తెలుగు చెబుతాను, నాకు తెలుగు రాదు, కానీ పిల్లలంటే ప్రేమ" అంటే ఏమవుతుంది? డీఈవో ఆఫీసు నుంచి కాగితం తెమ్మంటాం. టెట్ మార్కులు అడుగుతాం. పిల్లల్ని భుజాన వేసుకుని ఫొటో దిగితే తల్లిదండ్రులు స్టేషన్‌కి వెళ్తారు. సరే, మన పిల్లల భవిష్యత్తు కదా, ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

మా వీధి రామాలయం అరుగు మీద ఒక అమ్మాయి ఉంది. డీఎడ్ చేసింది. అవనిగడ్డలో టీచరు ఉద్యోగాల కోచింగు తీసుకుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులంటే ఒకటి తనకి రాకపోతుందా అనుకుంది, రాలేదు. రోజూ సాయంత్రం ఇరవైమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తుంది, పైసా తీసుకోదు. నాలుగేళ్ళుగా అదే పని. ఆ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ చెప్పే జవాబు: "ఏటీ లేదు బాబూ, ఇంటికాడ ఖాళీగా ఉంది."

ఖాళీగా ఉండడానికీ సేవ చెయ్యడానికీ మధ్య పాస్‌పోర్టు ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ నియమానికి గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా దొరికిపోతారు. మన జిల్లాలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారీ చేస్తూ, సవర గిరిజనుల కోసం బళ్ళు పెట్టించారు. అంతా తలకిందులు వ్యవహారం. ముందు తాను సవర భాష నేర్చుకుని, తర్వాత ఆ భాషలో పిల్లలకి పుస్తకాలు రాసి, డబ్బు తనదే ఖర్చుపెట్టారు. సవర వ్యాకరణం అచ్చయ్యేసరికి 1931 వచ్చింది. ఆరు వారాల్లో తేలే పనికి అన్ని దశాబ్దాలు! పైగా సముద్రం దాటలేదు, టీషర్టు లేదు.

మావాడు తిరిగొచ్చాడు. సర్టిఫికెట్టు లామినేషన్ అయింది. చదివిన కాలేజీ వాళ్ళు శాలువా కప్పారు, ఉపన్యాసం చెప్పించారు. నేనూ వెళ్ళి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. శాలువా బాగుంది. పిల్లలు గుర్తొస్తున్నారు మావయ్యా అని ఇంటికొచ్చాక మెల్లగా అన్నాడు. అది మాత్రం ఫొటో కోసం అన్న మాట కాదని నాకు తెలుసు.

ఆ సాయంత్రమే మామ్మ వచ్చింది, అదే జిరాక్సుతో.

"వాలంటీరు బాబు వచ్చేసినాడంట గదా. ఆ దేశంలో ఎన్నిళ్ళు ఇచ్చినారు బాబూ నీకు?"

బాబూ అనగానే వాడికి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నాడో చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. రెండు అరచేతులూ వాడి ముందు చాపింది. ముప్పై ఏళ్ళు మిల్లులో జీడి పిక్కలు కొట్టిన చేతులు. రసం తిని వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి.

"మిసను మీద ఏలు ఎడితే పడట్లేదు. సచివాలయంలో మళ్ళీ రమ్మంటన్నారు. నువ్వు దేశాలు తిరిగొచ్చినోడివి, దీనికేటి సెయ్యాలో సెప్పు."

మావాడు నా వంక చూశాడు.