28 రోజుల నెల గారికి ఒక పంచాంగ పాఠకుడి లేఖ

మహారాజశ్రీ 28 రోజుల నెల గారి సముఖానికి, ఒక విశ్రాంత తెలుగు పండితుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా క్షేమం ఈ నెల 22వ తేదీ అర్ధరాత్రి వరకు చెల్లుబాటులో ఉన్నది. ఆపైన కూడా క్షేమంగా ఉండదలచుకుంటే, మీ పేరున 28 రోజులకొకసారి కట్టించుకునే ఫోను రీఛార్జి వెంటనే చేయించుకోవలసిందని ఉదయం నుంచి మూడు సందేశాలు వచ్చాయి కనుక, మీ క్షేమం గురించి నేను ప్రత్యేకంగా విచారించనవసరం లేదు.

ముప్పై రెండేళ్లపాటు బడిపిల్లల చేత చైత్రం నుంచి ఫాల్గుణం దాకా వల్లె వేయించినవాణ్ణి. పదవీ విరమణ తరువాత పంచాంగం తిరగేయడం కాలక్షేపమైంది. ఈ రెండు అర్హతలతో ఎంత వెతికినా మీ జన్మస్థానం నాకు దొరకలేదు. చంద్రుడు నక్షత్రమండలాన్ని ఒకసారి చుట్టి రావడానికి 27 రోజుల పైచిలుకు తీసుకుంటాడు. అమావాస్య నుంచి అమావాస్యకు 29 రోజులన్నర. సూర్యుడు ఒక రాశి దాటడానికి 30 రోజులకు కాస్త అటూ ఇటూ. ఆకాశంలో తిరిగే పెద్దమనుషులెవరూ మీ లెక్కను పాటించడం లేదు. భూమ్మీద ఫిబ్రవరి ఒక్కటే మీకు చుట్టం, అదీ నాలుగేళ్లకొకసారి ముఖం చాటేసే చుట్టం. నాలుగు వారాలు కలిస్తే మీరని, సోమవారం మొదలైతే ఆదివారంతో ముగుస్తారని మీ పక్షాన చెప్పే సమర్థన కూడా విన్నాను. వారం లెక్క మా ఊరి సంతకూ ఉన్నది. కానీ సంతలో ఉల్లిపాయలు అమ్మేవాడు నాలుగు సంతలు కలిస్తే నెల అని ఇంతవరకు ఎవరినీ నమ్మించబోలేదు.

28ని 13తో హెచ్చవేస్తే 364. అంటే మీ పరిపాలనలో ఏడాదికి పదమూడు నెలలు. మా సిద్ధాంతులు కూడా పదమూడో నెలను తెస్తారు గాని, దాదాపు 32 నెలలకొకసారి తెస్తారు. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే 11 రోజులు పొట్టిది కనుక ఆ లోటు పూడ్చడానికి తెస్తారు. తెచ్చినా ఆ అధిక మాసంలో పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ వద్దని చెప్పి గృహస్థుకు నాలుగు డబ్బులు మిగులుస్తారు. మీరు మాత్రం ఏటేటా ఒక అధిక మాసాన్ని ప్రసాదిస్తున్నారు. అందులో మీరు విధించిన క్రతువు ఖర్చు ఒక్కటే.

నా సంగతి పక్కన పెట్టండి. పింఛనుదారుణ్ణి, పదమూడుసార్లూ కట్టగలను, కట్టిన తరువాత ఇలా ఉత్తరాలూ రాయగలను. మా ఎదురింటి పెద్దమ్మ విషయం వేరు. ఆమెకు ప్రభుత్వమిచ్చే వితంతు పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తారు. కూలిపనికి హైదరాబాదు వెళ్లిన కొడుకు తన పాత స్మార్ట్‌ఫోను ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. వీడియో కాల్‌లో మనవరాలి ముఖం చూడటమే ఆమెకు తెలిసిన ఇంటర్నెట్. ఆ తరువాత తెలుసుకోవలసినది ఇంకేమైనా ఉన్నదని నేను కూడా అనుకోను. జనవరి ఒకటిన పింఛను చేతిలో పడగానే రీఛార్జి చేయించింది. మళ్లీ కట్టవలసిన రోజు జనవరి 29. ఆ తరువాత ఫిబ్రవరి 26. ఆ తరువాత మార్చి 26, ఆపైన ఏప్రిల్ 23. పింఛను ఒకటో తేదీన స్థిరంగా కూర్చుని ఉంటే, మీరు వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతిలో పైసా లేని రోజులు చూసుకుని మరీ ఆమె గడప తొక్కుతున్నారు. గ్రహాలకు వక్రగతి అప్పుడప్పుడే ఉంటుంది, మీకు మాత్రం నిత్యం.

పెద్దమ్మ దీనికి తన పద్ధతిలో విరుగుడు కనిపెట్టింది. గడువు ఎప్పుడు తీరినా సరే, పింఛను వచ్చిన ఒకటో తేదీనే కడతానన్నది. నేను కాగితం తీసి లెక్క వేశాను. 12 సార్లు కడితే 336 రోజులు. మిగిలినవి 29. నెలాఖరున రెండేసి, మూడేసి రోజుల చొప్పున ఏడాదికి 29 రోజులు ఆమె ఫోనుకు మూఢం. నెట్ ఉండదు, తాను ఎవరికీ ఫోను చేయడానికీ వీలుండదు. ఈ 29 రోజులను ఒకచోట చేరిస్తే దాదాపు ఒక చాంద్రమాసం అవుతుంది. స్తోమత ఉన్నవాడికి అధిక మాసం, లేనివాడికి క్షయ మాసం! ఒకే సంవత్సరంలో రెండింటినీ ఇంటింటికీ విడివిడిగా పంచగలిగిన కాలజ్ఞులు మీకు ముందు ఎవరూ లేరు.

మీ పూర్వుల చరిత్ర కూడా కొంత తెలుసు. 1995 జూలై 31న ఈ దేశంలో తొలి మొబైల్ కాల్ మాట్లాడిన కాలంలో, చేసినవాడూ డబ్బు కట్టాలి, ఎత్తినవాడూ కట్టాలి. 2003లో, ఎత్తినవాడు కట్టనక్కరలేదన్నారు. అప్పుడు మా జనం మిస్డ్ కాల్ అనే శాస్త్రాన్ని తయారు చేసుకున్నారు. ఒక్కసారి మోగితే బస్సెక్కాను, రెండుసార్లు మోగితే దిగాను, మూడోసారి మోగితే డబ్బు పంపు. 2005 చివర, 2006 మొదట్లో 999 రూపాయలు కడితే జీవితకాలం చెల్లుబాటు అన్నారు. ఎవరి జీవితకాలం అని అప్పుడు ఎవరూ అడగలేదు. 2018 చివరికి వచ్చేసరికి ఆ జీవితాలన్నీ ముగిశాయి. ఫోను మోగడానికైనా సరే 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు కట్టాలన్నారు. మీ నామకరణం అప్పటికే జరిగినా పట్టాభిషేకం మాత్రం ఆనాడే. 2024 జూలై నాటి ధరల్లో నెట్‌తో కూడిన మీ కనీస దర్శనం ప్రైవేటు సంస్థల దగ్గర 189 నుంచి 199 రూపాయల దాకా చేరింది. ఆ సంవత్సరం తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రేటు రోజుకు 300 రూపాయలు, అదీ కొలత ప్రకారం పని పూర్తయితేనే. మట్టి తవ్వినవాడి కష్టంలో ఒక పూటకు మించినంత మీ పద్దులోకే పోయినట్టు.

దీన్ని ఎవరికైనా చెబితే ప్రపంచంలో డేటా బాగా చవకైన దేశాల్లో మనదొకటి అంటారు. నిజమే. 2014లో జీబీకి సగటున దాదాపు 269 రూపాయలు ఉన్నది ఇప్పుడు పది రూపాయల చుట్టుపక్కలకు వచ్చింది. ప్రవేశస్థాయి బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు తలసరి ఆదాయంలో 2 శాతం మించకూడదని ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ గీసిన గీటుకు కూడా మనం సునాయాసంగా లోపలే ఉన్నాం. అయితే ఆ పది రూపాయల జీబీని పది రూపాయలు తీసుకెళ్లి కొనుక్కురాగలమా? ముందు మీరు ఇంట్లో ఉండాలి. మీరుంటేనే పైన ఎంత డేటా వేసుకున్నా పనికొస్తుంది. ఉప్పు చవకే, కానీ బస్తా కొన్నవాడికే ఉప్పురాయి అమ్ముతాను అన్నట్టున్నది. పోనీ కొన్నదైనా మనదా అంటే, రోజుకు ఒకటిన్నర జీబీ అని కొలిచి పోసి, వాడనిదాన్ని అర్ధరాత్రి పన్నెండింటికి తీసుకుపోతారు. మా ఇళ్లలో రాత్రి మిగిలిన అన్నానికి చద్దన్నం అనే పరువైన పేరుంది; ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తోడిచ్చి పొద్దున్నే పీట వేస్తాం. మిగిలిన డేటాకు ఆ గౌరవమూ లేదు. దక్షిణాఫ్రికాలో 2019లో నియంత్రణ సంస్థ మిగిలిన డేటాను తరువాతి గడువుకు మళ్లించాలని, ఇంకొకరికి ఇచ్చుకోనివ్వాలని నిబంధన అమలులోకి తెచ్చింది; అదే ఏడాది ఘనా ప్రభుత్వం కూడా మిగిలినది మురిగిపోకూడదని ఆదేశించింది. అక్కడి మీ దాయాదులకు చద్దన్నం విలువ ఎవరో చెప్పినట్టున్నారు.

ఇంకొక చిన్న సంగతి. 90 రోజులపాటు సిమ్ము వాడకుండా ఉండి, అందులో 20 రూపాయల నిల్వ కూడా లేకపోతే ఆ నంబరును తీసివేయవచ్చునని నిబంధన. తీసేసిన నంబరు కొంతకాలానికి మరొకరి చేతికి వెళుతుంది. నంబరే కదా అనుకోవడానికి వీలు లేదు. ఆధార్‌కు ఇచ్చినది ఆ నంబరే, బ్యాంకుకు ఇచ్చినదీ అదే, గ్యాసు బండకు ఇచ్చినదీ అదే. ఓటీపీ వస్తేనే మనిషి మనిషని రుజువయ్యే రోజుల్లో, మూడు నెలలు మిమ్మల్ని ఆదరించలేకపోయిన పేదవాడి పేరున వచ్చే ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడి జేబులో మోగుతుంది. వెనుకటికి ఊరి నుంచి వెలివేయడానికి పంచాయితీ పెట్టేవారు, కనీసం పదిమంది కూర్చునేవారు.

టవర్లు లేవు కనుకనే నెట్ అందడం లేదని పెద్దలు అంటారు. అది అబద్ధం కాదు. సిగ్నలు కోసం చెట్టెక్కే, కొండెక్కే ఊళ్లు మన మన్యంలో ఉన్నాయి. దేశంలో అలాంటి 24,680 గ్రామాలకు 4జీ చేర్చడానికి 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. టవరు రావాలి, తప్పకుండా రావాలి. అయితే 2023 చివరి నాటి ప్రపంచ లెక్క చూడండి. మొబైల్ నెట్ సిగ్నలే అందనివారు జనాభాలో 4 శాతం. సిగ్నలు తలమీద నుంచి పోతున్నా వాడనివారు 39 శాతం. ఫోను కొనలేక కొందరు, చదవడం రాక కొందరు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవాడి జేబులో ఉండి కొందరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న పురుషులు 57 శాతం ఉంటే స్త్రీలు 33 శాతమే, మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలు 21 శాతమే. ఆ నేరమంతా మీ నెత్తిన రుద్దను. కానీ టవరు ఎక్కిన ప్రతి కొండా మీరూ ఎక్కుతారు కదా. ఆ సంగతి శిలాఫలకం మీద ఎవరూ చెక్కరు.

మీ మీద ఫిర్యాదులు వెళ్లని రోజు లేదు. 2022 జనవరి 27న మన టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి సంస్థా 30 రోజుల పథకం కనీసం ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే పథకం కనీసం ఒకటి ఉంచాలన్నది. నెట్ అక్కరలేనివారికి మాటలకూ సందేశాలకూ మాత్రమే విడి పథకం ఉండాలని 2024 డిసెంబరులో మరో నిబంధన తెచ్చింది. ఆ 30 రోజుల ఉత్తర్వును నమ్ముకుని పెద్దమ్మను వెంటబెట్టుకుని రీఛార్జి కొట్టుకు వెళ్లాను. కొట్టు అబ్బాయి గోడమీది రంగురంగుల పట్టీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూపించాడు. అందులో 28, 56, 84 ఉన్నాయి. అంతా మీ వంశవృక్షమే. "ముప్పై రోజులదా? ఉండే ఉంటుంది మాస్టారూ, ఎవరూ అడగరు" అన్నాడు. ఫోనులో చాలాసేపు వెతికి ఒకటి పట్టుకున్నాడు. దాని ధర చూసి పెద్దమ్మ కొంగు ముడి మళ్లీ బిగించుకుంది.

తిరిగి వస్తూ దారిలో నా లెక్క కాగితం ఆమెకు విడమరిచి చెప్పాను. పదమూడు ఇరవై ఎనిమిదులు 364, ఏడాదికి 365 అని. ఆమె బడికి వెళ్లినది లేదు గాని, పాడి పెట్టి పాలు అమ్మినది, చిల్లర లెక్కలో ఆమెను మోసగించినవాడు లేడు. కాసేపు ఊరుకుని, "అయితే ఆ మిగిలిన ఒక్క రోజు ఎవరిది మాస్టారూ? ఆ రోజైనా నా మనవరాలు ఊరికే కనబడుతుందా?" అని అడిగింది. సమాధానం మీ దగ్గర ఉంటే 22వ తేదీ అర్ధరాత్రికి ముందే పంపించగలరు.

ఇట్లు,
మీ పదమూడో నెల బాకీదారు