‘మేం చెప్పినట్టే ఓటెయ్యాలి’ అన్న వాదనకు జవాబు

విస్తృతంగా తిరుగుతున్న మాట ఇది: “ఎన్నికైన సభ్యుడు మన జీతగాడు. నియోజకవర్గంలో ఎక్కువమంది ఏమంటే సభలో అదే ఓటు వెయ్యాలి. సొంత ఆలోచన అక్కర్లేదు. వినకపోతే వెంటనే వెనక్కి పిలవాలి.” ఇందులోని కోపం న్యాయమైనదే. చెప్పిన మందే పనిచెయ్యదు.

“ఎక్కువమంది ఏమంటే అదే.” ఎక్కువమందిది ఎప్పుడూ ఒకటే మాట అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఒక్క పనికే డబ్బుంది, ఓటర్లు 99 మంది అనుకుందాం. 33 మంది ఇష్టాల వరుస రోడ్డు, బడి, ఆస్పత్రి. ఇంకో 33 మందిది బడి, ఆస్పత్రి, రోడ్డు. మిగతా 33 మందిది ఆస్పత్రి, రోడ్డు, బడి. లెక్కపెట్టండి: బడికన్నా రోడ్డు మేలన్నవాళ్లు 66, ఆస్పత్రికన్నా బడి మేలన్నవాళ్లు 66, రోడ్డుకన్నా ఆస్పత్రి మేలన్నవాళ్లూ 66. సభ్యుడు దేనికి ఓటేసినా మూడింట రెండొంతుల మంది మాట కాదన్నట్టే. ఫ్రాన్స్‌లో గణితవేత్త కాండోర్సే 1785లోనే చూపించిన చిక్కు ఇది.

పైగా బిల్లు అంటే అవును, కాదు అని తేల్చే ఒక్క ప్రశ్న కాదు. క్లాజు క్లాజుకూ ఓటింగు ఉండొచ్చు, సవరణలు చివరి గంటల్లోనూ రావచ్చు. అందరూ ఆదేశాలు జేబులో పెట్టుకుని వస్తే, ఎదుటివాడు చూపిన లోపం నిజమని తెలిసినా ఓటు మార్చుకునే దారి ఉండదు.

“సొంత ఆలోచన అక్కర్లేదు.” జర్మనీ మౌలిక చట్టం (అక్కడి రాజ్యాంగం) 38వ అధికరణం సభ్యులు ఎవరి ఆదేశాలకూ బద్ధులు కారంటుంది. ఫ్రాన్స్ రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అలాంటి ఆదేశం చెల్లదు. భారత్‌లో అసలు అడ్డు వేరే ఉంది. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశమైన విప్‌ను ధిక్కరించి ఓటేస్తే, 15 రోజుల్లో పార్టీ క్షమించకపోతే, సభ్యత్వమే పోవచ్చు. ఓటరు ఆదేశమైనా, మనస్సాక్షి అయినా ముందు ఆ గోడకే తగులుతుంది. ఈ వాదన చేసేవాళ్లు దాని ఊసే ఎత్తరు.

“వెంటనే వెనక్కి పిలవాలి.” బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం నియోజకవర్గ ఓటర్లలో 10 శాతం ఆరు వారాల్లో సంతకం చేస్తే ఎంపీ స్థానం ఖాళీ అవుతుంది. కానీ ఆ పిటిషన్ తెరవడానికి జైలుశిక్షో, సభ నుంచి సస్పెన్షనో, ఖర్చుల లెక్కల్లో మోసం చేసి దోషిగా తేలడమో ఉండాలి. నచ్చని ఓటు వేశాడన్నది కారణం కాదు. అలా అయితే కష్టమైన ప్రతి ఓటుకూ ఉపఎన్నిక భయమే.

జనం ఇష్టానికి బలం కావాలంటే స్విట్జర్లాండ్ దారి మెరుగు. అక్కడా సభ్యుడు ఆదేశాల్లేకుండానే ఓటేస్తాడు. ఆ చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు తెచ్చి దాన్నే ప్రజల ఓటుకు పెట్టొచ్చు.

ఎన్నికల్లో ఇచ్చిన హామీకి మాత్రం సభ్యుడు కట్టుబడాలి. తప్పాల్సివస్తే కారణం ఓటుకు ముందే చెప్పాలి. ఇది పట్టుకోవాలంటే వాళ్ల ఓటు మనకు కనబడాలి. నోటితో అవును, కాదు అని అరిచి తేల్చే మూజువాణి ఓటులో ఎవరు ఎటన్నదీ పేరుతో నమోదు కాదు. కాబట్టి ముఖ్యమైన బిల్లు వచ్చినప్పుడు డివిజన్ (ఎవరి ఓటు ఎటో నమోదయ్యే ఓటింగు) అడుగుతారా అని మీ సభ్యుణ్ణి ముందే అడగండి.