స్పిన్‌స్టర్ కూడా ఒక వృత్తి పేరే

ఇంగ్లీషులోని పాత వృత్తుల పేర్ల మీద మీరు వేసిన వ్యాసంలో కూపర్ అంటే పీపాలు చేసేవాడు, ఫ్లెచర్ అంటే బాణాలు చేసేవాడు అని చక్కగా చెప్పారు. స్పిన్‌స్టర్ గురించి కూడా రాసి ఉంటే బాగుండేది. మొదట్లో ఆ మాటకు నూలు వడికే స్త్రీ అనే అర్థం. పెళ్లికాని ఆడవాళ్లు చాలామంది ఆ పని చేసుకునే బతికేవారు. 17వ శతాబ్దానికల్లా ఇంగ్లండ్‌లో చట్టపరమైన పత్రాల్లో పెళ్లికాని స్త్రీని అలాగే రాసేవారు. తర్వాత తర్వాత అదే ఎత్తిపొడుపు మాట అయిపోయింది. సొంత కష్టం మీద బతికినవాళ్ల పని పేరుకి ఆ గతి పట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. 2005లో ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి రిజిస్టర్లలో దాన్ని తీసేసి ‘సింగిల్’ అని పెట్టారు. అన్నట్టు, కంప్యూటర్ కూడా ఒకప్పుడు లెక్కలు చేసే మనిషి ఉద్యోగం పేరే!